గ్యాస్ సెన్సర్‌కు ఏ లోహ ఆక్సైడ్ పొర ఎంచుకోవాలి?

టిన్ ఆక్సైడ్ మంచిదా, జింక్ ఆక్సైడ్ మంచిదా? లోహ ఆక్సైడ్ పొర విద్యుత్ నిరోధం మారడాన్ని బట్టి వాయువును పసిగట్టే గ్యాస్ సెన్సర్ల మీద పని మొదలుపెట్టేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే. జవాబు కోసం పరిశోధన పత్రాలు తిరగేస్తే అయోమయం ఇంకా పెరుగుతుంది. ఏ పదార్థం తీసుకున్నా, ఏ వాయువు తీసుకున్నా ఎవరో ఒకరు గొప్ప ఫలితం చూపించే ఉంటారు. జింక్ ఆక్సైడ్‌తో నైట్రోజన్ డయాక్సైడ్ పట్టినవాళ్లున్నారు, టంగ్‌స్టన్ ఆక్సైడ్‌తో హైడ్రోజన్ పట్టినవాళ్లున్నారు.

అందుకే పదార్థం పేరుతో మొదలుపెట్టకండి. ఏ వాయువును, ఎంత గాఢతలో, ఎలాంటి గాలిలో, ఎంత విద్యుత్తు ఖర్చుతో పట్టాలో ముందు కాగితం మీద రాసుకోండి. అది రాయగానే సగం ఆక్సైడ్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మిగిలిన రెండు మూడింటి మధ్య తేడాను పదార్థం కంటే పొర నిర్మాణమే ఎక్కువగా తేలుస్తుంది: రేణువు ఎంత చిన్నది, పొరలోకి గాలి దూరుతుందా లేదా, పైన ఏ ఉత్ప్రేరకం ఉంది. ఈ రంగంలో పదార్థం పేరుకు ఇస్తున్నంత ప్రాధాన్యం పొర నిర్మాణానికి ఇవ్వడం లేదన్నది నా గట్టి అభిప్రాయం. ఈ వ్యాసంలో పోలికలన్నీ ఆ దృష్టితోనే చేశాను.

## పొర లోపల ఏం జరుగుతుంది

ఎంపికకు పనికొచ్చినంత మేరకే చెప్తాను. టిన్, జింక్, టంగ్‌స్టన్, ఇండియం, టైటానియం ఆక్సైడ్లు ఎన్-రకం అర్ధవాహకాలు, అంటే వాటిలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లు. పొరను 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి గాలిలో ఉంచితే, గాలిలోని ఆక్సిజన్ రేణువుల ఉపరితలానికి అంటుకుని అక్కడి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. సుమారు 150 డిగ్రీల లోపు అది ఎక్కువగా అణు రూపంలో, ఆ పైన పరమాణు అయాన్ రూపంలో ఉంటుంది. ఈ రెండో రూపానికి చురుకు చాలా ఎక్కువ. చాలా సెన్సర్లకు వేడి అవసరమవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఎలక్ట్రాన్లు పోయిన చోట, రేణువు అంచున, కరువు పొర ఏర్పడుతుంది. ఒక రేణువు నుంచి పక్క రేణువుకు వెళ్లాల్సిన ఎలక్ట్రాన్‌కు అది అడ్డుగట్టు. మడి గట్టు ఎత్తు పెంచితే నీరు పక్క మడిలోకి పారనట్టే, ఈ గట్టు ఎత్తయ్యేకొద్దీ విద్యుత్తు పారదు, నిరోధం పెరుగుతుంది. ఇప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, ఆల్కహాల్ ఆవిరి వంటి క్షయకరణ వాయువు వస్తే అది ఉపరితలం మీది ఆక్సిజన్‌తో చర్య జరుపుతుంది, ఎలక్ట్రాన్లు తిరిగి పొరలోకి వస్తాయి, నిరోధం పడిపోతుంది. నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్ వంటి ఆక్సీకరణ వాయువులు స్వయంగా ఎలక్ట్రాన్లను లాక్కుంటాయి కాబట్టి వాటితో నిరోధం ఇంకా పెరుగుతుంది.

ఈ సెన్సర్ల బలమంతా ఆ గట్టు ఎత్తుకూ నిరోధానికీ ఉన్న ఘాతీయ సంబంధంలోనే ఉంది. 300 డిగ్రీల దగ్గర గట్టు 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ (శక్తిని కొలిచే చిన్న ప్రమాణం) మారితే చాలు, నిరోధం ఏడున్నర రెట్లు మారుతుంది. గాలిలో పది లక్షల వంతుల్లో ఒకటి రెండు వంతులున్న వాయువు కూడా కొలవదగ్గ సంకేతం ఇవ్వగలగడం దీనివల్లే.

రాగి, నికెల్, కోబాల్ట్ ఆక్సైడ్లు పి-రకం. వాటిలో మోసేవి హోల్స్, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీలు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను లాక్కుంటే ఉపరితలం దగ్గర హోల్స్ పెరుగుతాయి, నిరోధం తగ్గుతుంది. క్షయకరణ వాయువు వస్తే పెరుగుతుంది. అంతా తలకిందులు. అయితే తేడా దిశ ఒక్కటే కాదు, పరిమాణం కూడా. రెండు పొరల ఆకృతి ఒకటే అయి, ఉపరితలంలో అదే మార్పు జరిగినా, పి-రకం స్పందన ఎన్-రకం స్పందనకు దాదాపు వర్గమూలం మాత్రమే ఉంటుందని సిద్ధాంతం చెబుతుంది. అక్కడ 100 రెట్లు మారితే ఇక్కడ 10 రెట్లే. పి-రకం పొరల సెన్సర్లు మార్కెట్‌లో తక్కువ కనిపించడానికి ఇది పెద్ద కారణం.

సంగ్రహంగా చరిత్ర కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే నేటి పోటీదారులిద్దరూ ఒకే ఏడాది రంగంలోకి దిగారు. 1962లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో సెయామా బృందం జింక్ ఆక్సైడ్ పలుచని పొరతో వాయువులను పట్టవచ్చని ప్రచురించింది. అదే ఏడాది నవోయోషి టగుచి టిన్ ఆక్సైడ్ సెన్సర్‌కు పేటెంట్ దరఖాస్తు చేశారు. ఆ దశాబ్దం చివరికి టగుచి సెన్సర్ అమ్మకానికి వచ్చింది. గ్యాస్ లీకు అలారాలలో టిన్ ఆక్సైడ్ అప్పుడు పట్టిన చోటును ఇప్పటికీ వదల్లేదు.

## ఎంపికకు ముందు తేల్చుకోవాల్సినవి

గాఢత. మీథేన్ 5 శాతం దాటితే గాలితో కలిసి పేలగలదు. అందులో పదో వంతు దగ్గర అలారం మోగించాలంటే 5,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 5,000 వంతులు) కొలిస్తే చాలు. నైట్రోజన్ డయాక్సైడ్ సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 25 మైక్రోగ్రాములు మించకూడదు. అది సుమారు 13 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 13 వంతులు). ఈ రెండు పనుల మధ్య తేడా లక్షల రెట్లు. రెండింటికీ ఒకే పొర పనికొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

వెంట ఉండే ఇతర వాయువులు, ముఖ్యంగా తేమ. నేను అన్నిటికంటే బరువిచ్చే ప్రమాణం ఇది. నీటి ఆవిరి ఆక్సైడ్ ఉపరితలం మీద హైడ్రాక్సిల్ గుంపులుగా కూర్చుంటుంది. అది ఎన్-రకం పొర మూల నిరోధాన్ని (కొలవాల్సిన వాయువు లేనప్పుడు గాలిలో ఉండే నిరోధాన్ని) తగ్గిస్తుంది, ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట్లు ఆక్రమించి వాయువు స్పందననూ తగ్గిస్తుంది. పొడి గాలిలో తీసిన గ్రాఫు ఎంత అందంగా ఉన్నా మామూలు గాలికి అది వర్తించదు. ఇక ఆల్కహాల్ ఆవిరి సంగతి: దాదాపు ప్రతి క్షయకరణ వాయువు సెన్సరూ దానికి స్పందిస్తుంది.

వేడి, విద్యుత్తు. ప్రతి పొరకూ ప్రతి వాయువుతో ఒక అనుకూల ఉష్ణోగ్రత ఉంటుంది. తక్కువైతే చర్య నెమ్మదిస్తుంది. ఎక్కువైతే వాయువు పొర పైభాగంలోనే కాలిపోయి లోపలి రేణువులకు చేరదు, లేదా అంటుకోకుండానే లేచిపోతుంది. మీథేన్ అణువు గట్టిది, దాన్ని కదిలించడానికి 400 డిగ్రీల దాపు వేడి మామూలే. నైట్రోజన్ డయాక్సైడ్‌కు 150 నుంచి 250 డిగ్రీలు చాలు.

ఖచ్చితత్వం ఎంత కావాలి. నిరోధం గాఢతతో సరళరేఖలా మారదు, ఘాతాంక నియమం ప్రకారం మారుతుంది. ఘాతాంకం 0.5 దగ్గర ఉంటే గాఢత 100 రెట్లు పెరిగినప్పుడు నిరోధం 10 రెట్లే మారుతుంది. దీన్ని తిప్పి చూడండి: నిరోధం కొలతలో 10 శాతం తప్పు దొర్లితే గాఢతలో సుమారు 20 శాతం తప్పు వస్తుంది. "ఉందా, లేదా" అన్న ప్రశ్నకు ఈ సెన్సర్లు చక్కగా జవాబిస్తాయి. "సరిగ్గా ఎంత" అన్నదానికి కష్టపడతాయి.

ఆయుష్షు. సిలికోన్ ఆవిర్లు వేడి పొర మీద సిలికాగా మారి రంధ్రాలను పూడ్చేస్తాయి. గంధకపు వాయువులు కొన్ని ఆక్సైడ్లను సల్ఫైడ్లుగా, సల్ఫేట్లుగా మార్చేస్తాయి. సెన్సర్ పెట్టబోయే చోట సీలెంట్లు, పాలిష్‌లు, లూబ్రికెంట్లు ఉంటే ముందే ఆలోచించాలి.

## ఒక్కో ఆక్సైడ్ సంగతి

### టిన్ ఆక్సైడ్

ఎవరైనా కారణం చెప్పకుండా ఒక్క పేరు చెప్పమంటే నేను దీన్నే చెప్తాను. రసాయనికంగా గట్టిది, ఆమ్లాలకూ క్షారాలకూ అంత త్వరగా లొంగదు. 3.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ విడివడి విద్యుత్తును మోయడానికి దాటాల్సిన శక్తి అంతరం) వల్ల వేడిలో కూడా తనంతట తానుగా వాహకంగా మారిపోదు. ఉపరితలం మీది ఆక్సిజన్‌ను సులభంగా ఇచ్చిపుచ్చుకుంటుంది. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, బ్యూటేన్, ఆల్కహాల్ అన్నిటికీ స్పందిస్తుంది.

ఆ చివరి వాక్యంలోనే దీని లోపమూ ఉంది. అన్నిటికీ స్పందించేది దేన్నీ విడిగా గుర్తించలేదు. ఉష్ణోగ్రత మార్చి, ఉత్ప్రేరకం చేర్చి, పైన వడపోత పెట్టి దీన్ని దారికి తెచ్చుకోవాలి. తేమ ప్రభావం కూడా దీని మీద గట్టిగా ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ కొలతలో మరీను.

రేణువు పరిమాణం ప్రాధాన్యాన్ని అన్నిటికంటే స్పష్టంగా చూపించింది కూడా ఈ పదార్థమే. జపాన్ పరిశోధకుడు యమజోయె బృందం 1991లో చూపినదాని ప్రకారం, రేణువు వ్యాసం సుమారు 6 నానోమీటర్ల కంటే తగ్గితే స్పందన ఒక్కసారిగా ఎగబాకుతుంది. కారణం సూటిగా ఉంటుంది: కరువు పొర మందం ఇక్కడ దాదాపు 3 నానోమీటర్లు. రెండు వైపుల నుంచీ 3 చొప్పున వస్తే 6 నానోమీటర్ల రేణువు మొత్తం కరువైపోతుంది, ఇక గట్టు ఒక్కటే కాదు, రేణువంతా వాయువు చేతిలో ఉంటుంది. అయితే అంత చిన్న రేణువులు 400 డిగ్రీల దగ్గర నెలల తరబడి అలాగే ఉండవు, ఒకదానిలో ఒకటి కలిసి పెరుగుతాయి. చిన్న రేణువుతో వచ్చే సున్నితత్వాన్నీ దీర్ఘకాలపు స్థిరత్వాన్నీ తూచుకోక తప్పదు. అమ్మకపు పరికరానికైతే నేను స్థిరత్వం వైపే మొగ్గుతాను.

### జింక్ ఆక్సైడ్

తయారీ సులువులో దీనికి సాటిలేదు. జింక్ నైట్రేట్, హెక్సమిన్ కలిపిన నీటిలో 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే నానో కడ్డీలు పెరుగుతాయి. అందుకే ప్రయోగశాలల్లో ఇది ఇంతగా కనిపిస్తుంది. ఆల్కహాల్, అసిటోన్ ఆవిర్లకు స్పందన బావుంటుంది. బ్యాండ్ గ్యాప్ 3.37 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు కాబట్టి 365 నానోమీటర్ల అతినీలలోహిత ఎల్ఈడీతో ఉత్తేజపరచి గది ఉష్ణోగ్రతలో నడపడానికి ఇది చక్కగా సరిపోతుంది.

కానీ ఇది ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, సల్ఫర్ డయాక్సైడ్ ఉన్న గాలిలో ఉపరితలం మెల్లగా మారిపోతుంది. నేర్చుకోవడానికీ, సూక్ష్మ ఆకృతి ప్రభావాన్ని అధ్యయనం చేయడానికీ ఇది అద్భుతమైన పదార్థం. ఏళ్ల తరబడి గోడ మీద ఉండాల్సిన పరికరానికి నేను దీన్ని మొదటగా ఎంచుకోను.

### టంగ్‌స్టన్ ట్రై ఆక్సైడ్

ఆక్సీకరణ వాయువులకు నా మొదటి ఎంపిక. నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్ రెండింటికీ స్పందన బలంగా ఉంటుంది. దీనికి అసలు విలువ తెచ్చేది వేరే సంగతి: కార్బన్ మోనాక్సైడ్, మీథేన్‌ల వంటివాటికి ఇది పెద్దగా కదలదు. టిన్ ఆక్సైడ్ దగ్గర ఎంత శ్రమపడినా రాని ఎంపిక గుణం, అంటే ఒక వాయువును మిగతావాటి నుంచి విడిగా పట్టే గుణం, ఇక్కడ కొంత సహజంగానే వస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ, అమ్మోనియాకూ కూడా వాడతారు.

జాగ్రత్త పడాల్సింది స్ఫటిక దశ విషయంలో. సుమారు 330 డిగ్రీల దగ్గర దీని స్ఫటిక నిర్మాణం ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతుంది. పని ఉష్ణోగ్రతను ఆ అంచుకు దూరంగా పెట్టుకోవడం మేలు. నైట్రోజన్ డయాక్సైడ్‌కు కావాల్సింది ఎలాగూ అంతకంటే తక్కువే కాబట్టి ఇది పెద్ద ఇబ్బంది కాదు. సిలికాన్ లేదా క్రోమియం కలిపి స్థిరపరచిన ఎప్సిలాన్ దశ (దీని స్ఫటిక రూపాల్లో ఒకటి) అసిటోన్ వైపు మొగ్గు చూపుతుంది. ఊపిరిలో అసిటోన్ కొలిచే ప్రయత్నాలు దాని చుట్టూ సాగుతున్నాయి.

### ఇండియం ఆక్సైడ్

ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్‌లను పీపీబీ స్థాయిలో, తక్కువ ఉష్ణోగ్రతలో పట్టాలంటే టంగ్‌స్టన్ ఆక్సైడ్‌కు గట్టి పోటీ ఇదే. మూల నిరోధం తక్కువ కాబట్టి కొలిచే సర్క్యూట్ సులువవుతుంది. ఆక్సీకరణ వాయువుతో నిరోధం ఎన్నో రెట్లు పెరిగినా ఇంకా కొలవగల పరిధిలోనే ఉంటుంది. ఇండియం అరుదైన లోహం, ధర ఎక్కువ. కానీ వంద నానోమీటర్ల పొరకు పట్టే పదార్థం ఎంత కనుక? పలుచని పొరల విషయంలో ధరను పెద్ద అభ్యంతరంగా నేను చూడను.

### టైటానియం డయాక్సైడ్, గాలియం ఆక్సైడ్

ఈ రెండూ కొలిమి పక్కన, పొగ గొట్టంలో బతకగల పదార్థాలు. టైటానియం డయాక్సైడ్ బాగా వేడెక్కినప్పుడు దాని నిరోధం లోపలి ఆక్సిజన్ ఖాళీల (స్ఫటికంలో ఆక్సిజన్ లేకుండా మిగిలిన చోట్ల) సంఖ్య మీద ఆధారపడుతుంది, కాబట్టి ఆక్సిజన్ కొలతకు పనికొస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర మాత్రం నిరోధం మరీ ఎక్కువ. గాలియం ఆక్సైడ్‌ను 600 నుంచి 900 డిగ్రీల దగ్గర నడుపుతారు. అంత వేడిలో తేమ ప్రభావం బాగా తగ్గుతుంది, అది పెద్ద లాభం. అంత వేడిని మోయగల పీఠం (పొరను వేసే ఆధార ఫలకం), ఎలక్ట్రోడ్, విద్యుత్తు కావాలి, అది పెద్ద ఖర్చు.

### రాగి, నికెల్, కోబాల్ట్ ఆక్సైడ్లు

విడిగా వాడితే స్పందన చిన్నదని పైన చెప్పుకున్నాం. కానీ వీటి ఉత్ప్రేరక గుణం బలమైనది, అందుకే కర్బన ఆవిర్లకు వీటి మీద ఆసక్తి పెరిగింది. ఎన్-రకం పొరతో జతకడితే కథే మారిపోతుంది. రాగి ఆక్సైడ్ చేర్చిన టిన్ ఆక్సైడ్ పొరలో రెండింటి సంధి దగ్గర ఎలక్ట్రాన్ కరువు తీవ్రంగా ఉంటుంది, నిరోధం చాలా ఎక్కువ. హైడ్రోజన్ సల్ఫైడ్ తగలగానే రాగి ఆక్సైడ్ రాగి సల్ఫైడ్‌గా మారుతుంది. అది లోహంలా వాహకం. సంధి కూలిపోయి నిరోధం వేల రెట్లు పడిపోతుంది. ఒక వాయువుకు ఇంత ప్రత్యేకంగా పలికే పొర ఈ రంగంలో మరొకటి చూపడం కష్టం. తిరిగి మామూలు స్థితికి రావడం మాత్రం నెమ్మది. మధ్యమధ్య ఎక్కువ వేడి ఇచ్చి సల్ఫైడ్‌ను మళ్లీ ఆక్సైడ్‌గా మార్చుకోవాలి.

| ఆక్సైడ్ | రకం | బాగా పట్టే వాయువులు | మామూలు పని ఉష్ణోగ్రత (డిగ్రీలు) | ప్రధాన బలం | ప్రధాన లోపం |
|---|---|---|---|---|---|
| టిన్ | ఎన్ | హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, ఆల్కహాల్ | 250–400 | స్థిరత్వం, దశాబ్దాల అనుభవం | ఎంపిక గుణం తక్కువ, తేమ ప్రభావం |
| జింక్ | ఎన్ | ఆల్కహాల్, అసిటోన్ | 250–400, కాంతితో ఇంకా తక్కువ | తయారీ సులువు | ఆమ్ల క్షారాలకు, గంధకానికి లొంగడం |
| టంగ్‌స్టన్ | ఎన్ | నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, హైడ్రోజన్ సల్ఫైడ్ | 150–300 | సహజమైన ఎంపిక గుణం | స్ఫటిక దశ మార్పు |
| ఇండియం | ఎన్ | ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ | 100–300 | తక్కువ మూల నిరోధం | పదార్థం ధర |
| గాలియం | ఎన్ | క్షయకరణ వాయువులు, ఆక్సిజన్ | 600–900 | తేమ ప్రభావం తక్కువ | విపరీతమైన వేడి అవసరం |
| రాగి–టిన్ జంట | పి–ఎన్ | హైడ్రోజన్ సల్ఫైడ్ | 150–250 | చాలా ప్రత్యేకమైన స్పందన | కోలుకోవడం నెమ్మది |

పట్టికలోని ఉష్ణోగ్రతలు మొదటి ప్రయత్నానికి మాత్రమే. మీ పొరకు సరైనది మీరే వెతుక్కోవాలి. ఉత్ప్రేరకం కలిపితే అది 100 డిగ్రీల వరకూ కిందికి జరగవచ్చు.

## పొరను ఎలా వేయాలి

పలుచని పొర అంటే సాధారణంగా 50 నుంచి 500 నానోమీటర్లు. ముద్రించి కాల్చే మందపు పొరలు పదుల మైక్రోమీటర్లు ఉంటాయి. మందపు పొరలో రంధ్రాలెక్కువ, వాయువు అన్ని రేణువులనూ తాకుతుంది, సంకేతం పెద్దది. పలుచని పొర త్వరగా స్పందిస్తుంది, చిప్ తయారీలో ఇమిడిపోతుంది, చిన్న హీటర్ చాలు. అయితే పలుచని పొరను మరీ గట్టిగా, సందుల్లేకుండా వేస్తే వాయువు పైముఖాన్ని మాత్రమే తాకుతుంది. కింద ఉన్న పదార్థమంతా వాయువుతో సంబంధం లేని సమాంతర దారిగా మారి సంకేతాన్ని మింగేస్తుంది. స్పందన రాలేదని పదార్థాన్ని నిందించే చాలా సందర్భాల్లో అసలు దోషం ఇక్కడుంటుంది.

స్పట్టరింగ్, అంటే వాక్యూమ్‌లో అయాన్లతో కొట్టి మూల పదార్థాన్ని పరమాణువులుగా రాల్చి పీఠం మీద పేర్చడం. మందం మీద పట్టు, ఒక పొరకూ మరో పొరకూ పోలిక, పెద్ద విస్తీర్ణం, అన్నీ దీని బలాలు. మామూలుగా వచ్చే పొర మాత్రం దట్టం. పీఠాన్ని వాలుగా పెట్టి వేస్తే మధ్యలో సందులున్న స్తంభాలుగా పెరుగుతుంది. టిన్ ఆక్సైడ్‌కు ఇంకో చక్కని దారి ఉంది. టిన్ కరిగేది 232 డిగ్రీల దగ్గర. పీఠాన్ని అంతకంటే వేడిగా ఉంచి లోహాన్ని వేస్తే అది చిన్న చిన్న బిందువులుగా నిలుస్తుంది. తర్వాత గాలిలో కాలిస్తే ఆ బిందువులు ఆక్సైడ్‌గా మారి ఒకదానికొకటి అంటుకున్న రంధ్రాల పొర తయారవుతుంది. పలుచని పొర వేగాన్నీ, మందపు పొర ఉపరితలాన్నీ ఒకచోట చేర్చే ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం.

స్ప్రే పైరోలిసిస్. ఖర్చు తక్కువ, వాక్యూమ్ అవసరం లేదు. టిన్ క్లోరైడ్ లేదా జింక్ అసిటేట్ ద్రావణాన్ని 350 నుంచి 500 డిగ్రీల వేడి పీఠం మీద చల్లుతారు. మందం సమానంగా రాకపోవడం, క్లోరైడ్ వాడితే క్లోరిన్ మిగిలిపోవడం దీని సమస్యలు. ఉత్ప్రేరక లోహాన్ని ద్రావణంలోనే కలిపేయగలగడం పెద్ద సౌలభ్యం.

సోల్-జెల్, అంటే ద్రావణాన్ని జెల్‌గా మార్చి పూసి కాల్చడం. చిన్న రేణువులకు, మిశ్రమ ఆక్సైడ్లకు మంచిది. ఒకేసారి మందంగా వేస్తే పగుళ్లొస్తాయి, పలుచగా పలుమార్లు వేసి ప్రతిసారీ కాల్చాలి.

అటామిక్ లేయర్ డిపొజిషన్, అంటే రసాయన ఆవిర్లను ఒకదాని తర్వాత ఒకటి పంపి విడతలు విడతలుగా పొర పెంచడం. ఒక్కో విడతకు సుమారు 0.1 నానోమీటర్ చొప్పున పెరుగుతుంది. కరువు పొర మందానికి సరిపడా, అంటే కొన్ని నానోమీటర్ల పొర కావాలంటే ఇంతకు మించిన పట్టు లేదు. నానో కడ్డీల చుట్టూ సమానంగా పూయడానికీ ఇదే. పరికరం ఖరీదైనది, పని నెమ్మది.

## ఉత్ప్రేరకం చేర్చాలా

క్షయకరణ వాయువులకైతే దాదాపు ఎప్పుడూ చేర్చాలి. పెల్లాడియం, ప్లాటినం పని ఒకటేలా కనిపించినా దారులు వేరు. ప్లాటినం ప్రధానంగా వాయువును విడగొట్టి చురుకైన ముక్కలను పక్కనున్న ఆక్సైడ్ మీదికి జార్చుతుంది. పెల్లాడియం గాలిలో ఆక్సైడ్‌గా ఉండి కింది పొర నుంచి ఎలక్ట్రాన్లను లాగి పట్టుకుంటుంది, వాయువు తగిలినప్పుడు లోహంగా మారి వదిలేస్తుంది. హైడ్రోజన్, మీథేన్ పనులకు పెల్లాడియంతో మొదలుపెట్టండి. మోతాదు బరువులో ఒక శాతం అటూ ఇటూ చాలు. ఎక్కువైతే కణాలు ముద్దకట్టి ప్రయోజనం పోతుంది, మూల నిరోధం కూడా గాడితప్పుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ కొలిచే టంగ్‌స్టన్ పొరకు ముందు ఏమీ చేర్చకుండా చూడండి. అక్కడ చాలాసార్లు అవసరమే పడదు.

## మీరు ఏ కోవకు చెందుతారు

పరిశోధన మొదలుపెడుతున్న విద్యార్థి అయితే జింక్ ఆక్సైడ్ లేదా టిన్ ఆక్సైడ్ తీసుకోండి. పోల్చుకోవడానికి సమాచారం అపారంగా ఉంది. కొత్త పదార్థం కోసం వెతకడం కంటే పాత పదార్థంలో తేలని ప్రశ్నను పట్టుకోవడం మంచిది. 50 శాతం తేమలో స్పందన ఎందుకు తగ్గింది, ఆరు నెలల తర్వాత మూల నిరోధం ఎక్కడికి జరిగింది అన్నవాటికి జాగ్రత్తగా వెతికిన జవాబుకు ఉన్న విలువ, ఇంకో కొత్త ఆకారపు నానో పువ్వుకు ఉండదు.

రెడీమేడ్ సెన్సర్ కొని పరికరం కడుతున్నవారైతే మీకు పదార్థం ఎంపిక లేదు, తయారీ రూపం ఎంపిక ఉంది. చవకగా దొరికే ఎంక్యూ (MQ) వరుస సెన్సర్లలో హీటర్ 5 వోల్ట్‌ల దగ్గర దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అంటే ముప్పావు వాట్. బ్యాటరీ మీద అది సాగదు. సూక్ష్మ హీటర్ మీద పొర వేసిన చిప్ సెన్సర్లు కొన్ని పదుల మిల్లీవాట్లతో నడుస్తాయి. కరెంటు ప్లగ్గుకు తగిలించి గ్యాస్ లీకు చూడటానికైతే ఎంక్యూ చాలు. కార్బన్ మోనాక్సైడ్‌కు ఎంక్యూ-7 వాడితే హీటర్‌ను 60 సెకన్లు 5 వోల్ట్‌ల దగ్గర, 90 సెకన్లు 1.4 వోల్ట్‌ల దగ్గర మార్చి మార్చి నడపాలి. వేడి దశ ఉపరితలాన్ని శుభ్రం చేస్తుంది, కొలత చల్లటి దశలో తీస్తారు. నిరంతరం 5 వోల్ట్‌లిచ్చి అంకె చదివితే అది కార్బన్ మోనాక్సైడ్ అంకె కాదు.

అమ్మకానికి పరికరం రూపొందిస్తున్నవారైతే ఒక్క పొర మీద ఆధారపడకండి. టిన్ ఆక్సైడ్ ఒకటి, టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఒకటి పక్కపక్కన పెడితే క్షయకరణ వాయువుకు ఒకటి, ఆక్సీకరణ వాయువుకు ఒకటి గట్టిగా పలుకుతాయి. రెండింటి నిష్పత్తి ఒక్కదాని అంకె కంటే చాలా ఎక్కువ చెబుతుంది. ఒకే పొరను వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర తిప్పడం ఇంకా చవక. పైన ఉత్తేజిత బొగ్గు పొర పెడితే ఆల్కహాల్, సిలికోన్ ఆవిర్లు చాలావరకు ఆగుతాయి, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, హైడ్రోజన్ లోపలికి వెళ్తాయి. స్పందన వేగం కాస్త తగ్గుతుంది, ఆ బేరం లాభసాటి.

## ఈ పొరలు తగని చోట్లు

కార్బన్ డయాక్సైడ్ కొలవాలంటే పరారుణ సెన్సర్ కొనండి. కార్బన్ డయాక్సైడ్ అప్పటికే పూర్తిగా ఆక్సీకరణం చెందిన అణువు, ఈ పొరలకు దానితో చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. కొన్ని చిప్‌లు చూపించే "సమానమైన కార్బన్ డయాక్సైడ్" అంకె కర్బన ఆవిర్ల నుంచి వేసిన అంచనా మాత్రమే. గది నిండా మనుషులున్నప్పుడు అది నిజానికి దగ్గరగా ఉండవచ్చు, ఎవరో శానిటైజర్ రాసుకుంటే మాత్రం ఆకాశానికి ఎగుస్తుంది. నైట్రోజన్ నింపిన ట్యాంకులో, ఆక్సిజన్ లేని చోట కూడా ఇవి పనికిరావు, పని మొదలయ్యేదే గాలిలోని ఆక్సిజన్‌తో కాబట్టి. మనిషి ప్రాణం ఆధారపడి ఉన్న కార్బన్ మోనాక్సైడ్ కొలతలో కొన్ని పీపీఎంల ఖచ్చితత్వం కావాలంటే ఎలక్ట్రోకెమికల్ సెల్ (వాయువు చర్యతో పుట్టే కరెంటును కొలిచే సెన్సర్) మెరుగు.

## ఇతరుల అంకెలు చదివేటప్పుడు

పోలిక చేసేటప్పుడు స్పందనను ఎలా నిర్వచించారో ముందు చూడండి. కొందరు గాలిలో నిరోధాన్ని వాయువులో నిరోధంతో భాగిస్తారు. కొందరు తేడాను శాతంగా చెప్తారు. శాతంలో 95 అంటే నిష్పత్తిలో 20. శాతంలో 99 అంటే నిష్పత్తిలో 100. నాలుగు శాతం తేడాగా కనిపించేది నిజానికి అయిదు రెట్ల తేడా.

తర్వాత గాఢత చూడండి. 500 పీపీఎం ఆల్కహాల్‌కు వచ్చిన స్పందన, 1 పీపీఎం దగ్గర ఆ పొర ఏం చేస్తుందో చెప్పదు. పరీక్ష గాలిలో తేమ ఎంతో రాయకపోతే పొడి గాలి అనే అనుకోండి. కోలుకునే సమయం రాయకపోతే అది ఎక్కువే అని అనుకోవచ్చు.

మీ సొంత పొరల మీద ఈ పరీక్షలు పెట్టేముందు వాటిని పని ఉష్ణోగ్రత దగ్గర కొన్ని రోజులు ఊరికే నడవనివ్వండి. కొత్త పొరలో రేణువులు, ఉత్ప్రేరక కణాలు ఇంకా సర్దుకుంటూనే ఉంటాయి, మూల నిరోధం జరుగుతూనే ఉంటుంది. అది నిలకడకు వచ్చాక తేమను మూడు స్థాయిల్లో మార్చి మూల నిరోధం తీసుకోండి. ఆ తర్వాతే అసలు వాయువు, దాని వెనుక ఆల్కహాల్ ఆవిరి, చివర రెండూ కలిపి. రెండు ఆక్సైడ్ల మధ్య ఊగిసలాడుతున్నవారికి ఈ చివరి మిశ్రమ పరీక్షలోనే సాధారణంగా తేడా తేటతెల్లమవుతుంది.